నాలుగొందల గళ్ళ గోడ

బందరులో చేపల రేవుకి వెళ్ళే దారిలో మూతబడిన ఐసు ఫ్యాక్టరీ ఒకటుండేది. దాన్ని బాగుచేసి ప్రయోగ కళల స్టూడియో పెట్టారని పేపర్లో చదివి, ముప్ఫై ఎనిమిదేళ్ళ వయసులో నేను అందులో చేరాను. అంతకుముందు పదమూడేళ్ళు ఒక స్కూల్లో డ్రాయింగు టీచరుని. పరీక్షలు దగ్గరపడ్డప్పుడల్లా నా పీరియడు లెక్కల మాస్టారికి ఇచ్చేసేవారు. చివరికి ఆ పీరియడే తీసేశారు.

స్టూడియోలో పాఠాలుండవు. బల్లలుంటాయి, పనిముట్లుంటాయి. కుండలు చేసేవాడి పక్కన ఎలక్ట్రానిక్స్ తెలిసినవాడు, వాడి పక్కన పెడన నుంచి వచ్చిన అద్దకం అచ్చులు చెక్కే ఆవిడ. ఒకరి పని ఒకరు చేతులతో నేర్చుకుని, ముగ్గురికీ ముందు తెలియనిదేదో తయారుచెయ్యాలి. మా గురువు ఇమ్మాన్యుయేలు మాస్టారు. "ముందు చెయ్యి పెట్టమ్మా, అభిప్రాయం తర్వాత చెబుదువుగాని" అనేవారు. ప్రతి శనివారం మధ్యాహ్నం అందరి పనులూ మధ్యలో పెట్టి, చుట్టూ నిలబడి మాట్లాడుకునేవాళ్ళం.

మొదటి ఆర్నెల్లు శనివారాలు నా బొమ్మని అందరికంటే చివర పెట్టేదాన్ని. నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాళ్ళు గాజు కరిగించి, వలతాళ్ళు అల్లి, వాటికి కరెంటు పెట్టి పలికిస్తున్నారు. నా బొమ్మ దగ్గరికొచ్చేసరికి "నీటుగా ఉందండీ" అని పక్కకి జరిగేవాళ్ళు. అంతకంటే తిట్టినా బాగుండేది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను చేసినదానికి కారణం ఇదే. దీన్ని సాకుగా చెప్పుకోవడం లేదు.

ఆ ఏడాదే శ్రావణంలో నాన్న పడిపోయాడు.

నాన్న పేరు పామర్తి నాగభూషణం. ముప్ఫై ఆరేళ్ళు ప్రెస్సులో కంపోజిటరు. సీసపు అక్షరాలను కేసు అనే చెక్కపెట్టె గళ్ళలోంచి ఒక్కొక్కటే ఏరి, ఎడంచేతిలో గుండె ఎత్తున పట్టుకున్న స్టిక్కు అనే ఇనప పట్టెలో పేర్చి పేజీలు కట్టేవాడు. కంప్యూటర్లొచ్చాక ప్రెస్సు మూసేశారు. మెదడు అడుగుభాగంలో రక్తనాళం మూసుకుపోయిందన్నారు ఆస్పత్రిలో. మాట పోయింది, ఒళ్ళు కదలదు. కళ్ళు ఒక్కోసారి తెరుచుకునేవి, ఎటు చూస్తున్నాయో తెలిసేది కాదు. కుడిచెయ్యి మాత్రం గింజంత కదిలేది, ఆగేది, మళ్ళీ కదిలేది.

"అది ఊరికే అదరడం. ఆయనకి తెలివుందని చెప్పలేం" అన్నాడు డాక్టరు.

అమ్మ ఒప్పుకోలేదు. అమ్మ పేరు సామ్రాజ్యం, చదువుకోలేదు. ఆయన చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది.

"ఆయనేదో అంటున్నాడే ఇందూ."

"ఏమంటున్నాడమ్మా?"

"నాకేం తెలుసు? అంటున్నాడు."

నేను విసుక్కునేదాన్ని.

భాద్రపదంలో స్టూడియోకి తులసీరాణి వచ్చింది. నరాల సంకేతాల మీద పరిశోధన చేసిన ఇంజనీరు. నాట్యం చేసేవాళ్ళ కోసం చేతికి వేసుకునే తొడుగు ఒకటి తయారుచేస్తోంది. వెంట్రుక కంటే సన్నని వెండి దారాలు కలిపి నేసిన గుడ్డ అది. కండరం కదలకముందు దానికి అందే ఆజ్ఞను ఆ దారాలు పట్టుకునేవి. చెయ్యి ఎక్కడికి వెళ్ళాలనుకుంటోందో లెక్కగట్టి, ఆ చోటుని గోడ మీద వెలుగుచుక్కగా చూపించేవి. చెయ్యి వెళ్ళలేకపోయినా సరే, చుక్క వెళ్ళేది.

తులసిని అడిగి దాన్ని ఇంటికి తీసుకొచ్చి నాన్నకి తొడిగాను. చుక్క మా గోడ మీద పైకి, ఎడమకి వెళ్ళింది. గుండె ఎత్తుకి దిగి ఆగింది. కుడివైపు మధ్యకి వెళ్ళింది. మళ్ళీ గుండె ఎత్తుకి వచ్చింది. చిన్నప్పుడు ప్రెస్సుకి క్యారియరు పట్టుకెళ్ళి, తలుపు దగ్గర నిలబడి చూసిన కదలిక అది. నాన్న కేసు ముందు నిలబడ్డాడు. అక్షరాలు ఏరి స్టిక్కులో వేస్తున్నాడు.

"నేను చెప్పలా?" అంది అమ్మ.

"పాత అలవాటమ్మా. నిద్రలో కూడా పనే చేస్తున్నాడు" అన్నాను.

అలా అన్నప్పుడు నేను నాన్న గురించి ఆలోచించడం లేదు. శనివారం గురించి ఆలోచిస్తున్నాను.

ప్రెస్సు యజమాని వాళ్ళ షెడ్డులో ఖాళీ కేసులు ఇంకా ఉన్నాయి. కొలతలు తీసుకుని, అదే అమరికలో స్టూడియోలోని పాత ఐసు గది గోడంతా కర్రగళ్ళు కట్టాను. నాలుగొందల పైచిలుకు. ఒక్కో గడిలో పలికే వస్తువొకటి పెట్టాలి. కంచు పోత పోయడం నేర్చుకున్నాను, వేలు కాల్చుకున్నాను. గాజు కోయడం నేర్చుకున్నాను. పెడన ఆవిడ దగ్గర కూర్చుని టేకు అచ్చులు చెక్కాను. వలలకి కట్టే పాత ఇత్తడి గుండ్లు, కొబ్బరిచిప్పలు, పింగాణీ పెంకులు ఏరుకొచ్చాను. ప్రతి గడి వెనకా చిన్న సుత్తి. చుక్క ఏ గడి మీద వాలితే ఆ సుత్తి కొడుతుంది. నా జీవితంలో అంత ఇష్టంగా నేనేపనీ చెయ్యలేదు. చేతులనిండా కోతలు, కాలినమచ్చలు. వాటిని చూసుకుని మురిసిపోయేదాన్ని.

నాన్నని పొద్దున వ్యానులో స్టూడియోకి తెచ్చి, సాయంత్రం తీసుకెళ్ళేవాళ్ళం. అమ్మ పక్కనే ఉండేది. మొదటిరోజు తులసి ఆయన చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పింది: "పెద్దాయనా, మీ చెయ్యి ఎటు వెళ్దామనుకుంటోందో ఇప్పుడు మాకు కనిపిస్తుందండీ!"

చుక్క చాలాసేపు ఆగింది. తర్వాత నెమ్మదిగా, ఒక్కో గడి దగ్గరా నిలుస్తూ కదిలింది. కంచు, గాజు, టేకు, కంచు.

మొదటి శనివారం అది విని అందరూ చప్పట్లు కొట్టారు. ఇమ్మాన్యుయేలు మాస్టారు గోడ దగ్గరికెళ్ళి గళ్ళు తడిమి చూశారు.

"ఇందుమతీ, ఏ గడిలో ఏ అక్షరం ఉండేదో కనుక్కున్నావా?"

"అవసరం లేదు మాస్టారూ. అర్థం తెలిస్తే శబ్దం చచ్చిపోతుంది."

ఆయన "మాట బాగుంది" అన్నారు. చైత్రంలో పెట్టబోయే ప్రదర్శన బోర్డు మీద ఆ మాటే పెద్దక్షరాలతో రాయించాం.

మూడు వారాల తర్వాత తులసి నన్ను బయటికి పిలిచింది.

"అక్కా, ఇది అదురు కాదు. ఒకే వరసలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. మీ అమ్మగారు పక్కన కూర్చుంటే ఒకటి, నువ్వు గదిలోకొస్తే ఇంకొకటి. ఆస్పత్రిలో చూపిద్దాం."

"ప్రదర్శన అవ్వనీ."

"అది చైత్రంలో కదా. ఇంకా నాలుగు నెలలుంది."

"ఇప్పుడు తీసుకెళ్తే వాళ్ళు తొడుగు ఉంచేసుకుంటారు తులసీ. పరీక్షలంటారు, ఆయన్ని కదిలించొద్దంటారు. నా పని ఆగిపోతుంది."

ఆమె నా మొహంలోకి చూసింది. "నీ ఇష్టం అక్కా. మీ నాన్నగారు కదా" అంది.

నాకు తెలియదని తర్వాత చాలామందికి చెప్పాను. అది నిజం కాదు. కొంచెం తెలుసు. ఎక్కువ తెలుసుకోకుండా జాగ్రత్తపడ్డాను.

మాఘమాసంలో చుక్క ఆగిపోయింది. పదకొండు రోజులు గోడ పలకలేదు. ప్రదర్శన దగ్గర పడుతోంది. పన్నెండోరోజు అమ్మ టీకి వెళ్ళినప్పుడు, ఒక ఐసుముక్క తెచ్చి నాన్న కుడి అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి పట్టుకున్నాను. కాసేపటికి చుక్క కదిలింది. గోడ మోగింది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. మర్నాడూ పెట్టాను. ఆ మర్నాడూ పెట్టాను.

ప్రదర్శన రోజు ఐసు గది నిండిపోయింది. విజయవాడ నుంచి, హైదరాబాదు నుంచి వచ్చారు. నాన్నకి గంజిపెట్టిన తెల్ల పంచె, తెల్ల చొక్కా వేసి, గోడకెదురుగా వాలుకుర్చీలో కూర్చోబెట్టాం. పైన ఒక దీపం. చుక్క ఆ రోజు చాలా వేగంగా కదిలింది. గోడ ఎప్పుడూ లేనంతగా మోగింది. ఒకే వరస మళ్ళీ మళ్ళీ వస్తుంటే జనం దాన్ని పట్టుకుని చేతులతో తాళం వెయ్యడం మొదలుపెట్టారు. ఎవరో అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఇమ్మాన్యుయేలు మాస్టారు దూరం నుంచి నాకు దణ్ణం పెట్టారు.

అప్పుడొచ్చాడు మస్తాన్ బాబాయ్. నాన్నతో ఇరవై ఏళ్ళకు పైగా ఒకే ప్రెస్సులో పక్క కేసు ముందు నిలబడ్డవాడు. అమ్మ ఫోను చేసి పిలిచిందట. నాన్న దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యి వేసి, గోడ వైపు తిరిగాడు.

"అమ్మాయ్, ఇవి మా కేసు కొలతలేనా?"

"అవును బాబాయ్. అచ్చంగా అవే."

బాబాయ్ కుడిచెయ్యి గాలిలోకి లేచింది. చుక్క ఎటు వెళ్తే అటు వెళ్ళింది. పెదాలు కదులుతున్నాయి. అదీ ప్రదర్శనలో భాగమనుకుని జనం ఇంకా ఉత్సాహంగా తాళం వేశారు. ఉన్నట్టుండి ఆయన చెయ్యి ఆగిపోయింది. నా దగ్గరికొచ్చి, ఎవరికీ వినపడకుండా చెవిలో చెప్పాడు.

"జనాన్ని పంపెయ్ తల్లీ."

"ఎందుకు బాబాయ్?"

"వాడు మాట్లాడుతున్నాడు. 'ఇందూ, పంచె తడిసింది. జనాన్ని పంపెయ్.' నేనొచ్చినప్పట్నుంచీ ఇదే. ఇంకో మాట లేదు."

చప్పట్లు ఆ మాటల మీదే పడుతున్నాయి. ఇం, దూ, పం, చె. నేను నాన్న వైపు చూశాను. దీపం కింద తెల్ల పంచె మీద మరక స్పష్టంగా కనిపిస్తోంది. అంతమందిలో ఒక్కరూ దాన్ని చూడలేదు. నేనూ చూడలేదు, గోడ వైపు తిరిగి ఉన్నాను. అమ్మ మాత్రం అప్పటికే లేచి వెళ్ళి, తన పైట చెంగు ఆయన ఒళ్ళో కప్పి అడ్డంగా నిలబడింది.

నేను మైకు తీసుకున్నాను. నిజం చెప్పడానికి నోరు రాలేదు. "యంత్రంలో ఏదో ఇబ్బంది వచ్చిందండీ, దయచేసి అందరూ బయటికి వెళ్ళండి" అన్నాను. అప్పుడు కూడా నా పరువే చూసుకున్నాను. వెళ్తూ వెళ్తూ చాలామంది అద్భుతమన్నారు. నేను చేతులు జోడించి థాంక్స్ చెప్పాను.

ఆ అయిదు నెలల కదలికలన్నీ కంప్యూటరులో ఉన్నాయి. మస్తాన్ బాబాయ్ ప్రెస్సు షెడ్డు నుంచి నాలుగు ఖాళీ కేసులు మా ఇంటికి తెప్పించి, గళ్ళలో అక్షరాలు రాసిన చీటీలు వేశాడు. ఒక్క చీటీ దగ్గర కూడా తడుముకోలేదు. రోజూ పదింటికి వచ్చి, నాన్న మంచం పక్కన కూర్చుని, చుక్కలను చదివేవాడు. నేను నోటుపుస్తకంలో రాసేదాన్ని.

తులసి ఆయన చెవిలో అరిచి చెప్పిన రోజుది: "నేను ఉన్నాను. వినపడుతోంది."

మర్నాటిది: "సామ్రాజ్యం, నేను ఉన్నాను."

గుమ్మంలో నిలబడ్డ అమ్మ అది విని "చెప్పానుగా" అంది. వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి తిప్పిన చప్పుడు వినపడింది. చాలాసేపటిదాకా కట్టలేదు.

"వీపు కింద దుప్పటి మడత పడింది." ఇది తొమ్మిది రోజులు అడిగాడు. "ఫ్యాను తగ్గించు." "మెడ." "సామ్రాజ్యాన్ని నిద్రపోనీ." తర్వాత ఒకటే ప్రశ్న, రోజుకి పది, పదిహేనుసార్లు: "ఇందూ, చదువుతున్నావా?" తులసి మాట విని, మేం చదువుతున్నామనుకున్నాడు. అందుకే అంత నెమ్మదిగా, ఒక్కో గడి దగ్గరా నిలిచి, నాకు అర్థమయ్యేలా పేర్చాడు. "తప్పు పడితే చెప్పు, మళ్ళీ కడతాను" అని కూడా అన్నాడు. జవాబుగా ఆయనకి కంచు మోతలు వినిపించాను.

"ఈ మోతలు ఆపండి." "ఎవరూ చదవడం లేదు." ఆ తర్వాత పదకొండు రోజులు ఏమీ లేదు. పన్నెండోరోజు: "చలి. చలి. చలి."

మస్తాన్ బాబాయ్ తల ఎత్తాడు. "ఆ రోజు ఏం జరిగింది తల్లీ?"

చెప్పాను. నాన్న పక్కనే ఉండగా, ఆయన వింటుండగా, ఐసుముక్క సంగతి మొత్తం చెప్పాను. బాబాయ్ కళ్ళజోడు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నాడు. ఎంతసేపు తుడిచాడో. "తర్వాతది పెట్టు" అన్నాడు.

అంతా చదవడం పూర్తయిన రోజు నాన్న మంచం పక్కన నేలమీద కూర్చున్నాను.

"నాన్నా, తులసి ముందే చెప్పింది. నువ్వు ఏదో అంటున్నావని నాకు కొంచెం తెలుసు. తెలిసే చేశాను."

తొడుగు వేసే ఉంది. గోడమీద చుక్క కదలడానికి చాలాసేపు పట్టింది. బాబాయ్ చదువుకుని ఊరుకున్నాడు.

"చదువు బాబాయ్."

"వద్దులే."

"చదువు."

"'నీ ముందు మాట్లాడను. బయట కూర్చో.'"

లేచి వెళ్ళి వీధి మెట్టు మీద కూర్చున్నాను. బాబాయ్ తలుపు దగ్గరగా వేశాడు. ఆ రోజు నుంచి పద్ధతి అదే. నేను తొడుగు తొడిగి బయటికొచ్చేస్తాను, తలుపు పడుతుంది. లోపల బాబాయ్ చదివి వినిపిస్తుంటే అమ్మ నవ్వడం ఒక్కోసారి వినపడేది. ముప్ఫై ఎనిమిదేళ్ళలో అమ్మ అలా నవ్వడం నేను వినలేదు.

తర్వాతి శనివారం స్టూడియోలో అందరి మధ్యా నిలబడి జరిగింది చెప్పాను. ఎవరూ నా మొహం చూడలేదు. ఇమ్మాన్యుయేలు మాస్టారు మాత్రం "ఆ మాట నేను మెచ్చుకున్నానమ్మా. బోర్డు మీద రాయించమన్నది నేనే" అని కుర్చీలో కూలబడ్డారు. గోడ నా చేతులతోనే విప్పాను. సుత్తులు, కంచు బిళ్ళలు సంచుల్లో వేసి కావలసినవాళ్ళు తీసుకోమన్నాను. తులసి తొడుగులాంటిదే ఇంకొకటి ఆస్పత్రికి పట్టుకెళ్ళింది. తెలివి లేదనుకున్న తొమ్మిదిమందికి వేసి చూస్తే, ఇద్దరి చేతులు ఏదో చెప్పడానికి ప్రయత్నిస్తున్నాయట. వాళ్ళకి టైపు కేసులు తెలియవు కదా, ఆ చేతులకి వచ్చిన పనేమిటో ఇంటివాళ్ళని అడిగి తెలుసుకుంటోంది. పరిశోధన పత్రంలో నా పేరు కూడా వేస్తానంది. వద్దన్నాను.

నేను మధ్యాహ్నాలు మస్తాన్ బాబాయ్ ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టాను. చీటీలు లేని కేసు ముందు నిలబెట్టేవాడు.

"కళ్ళతో వెతక్కు. చెయ్యి దానంతటది వెళ్ళాలి. 'క' అను, చెయ్యి చాపు. తప్పు. మళ్ళీ."

రెండు నెలలకి అక్షరాలు వచ్చాయి. ఒత్తులకి ఇంకో నెల పట్టింది. నిద్రలో చెయ్యి కదుపుతున్నానని అమ్మ చెప్పింది.

ఆషాఢంలో ఒకరోజు వాన. అమ్మ వాళ్ళ చెల్లెలికి ఆపరేషనైతే చూడ్డానికి గుడివాడ వెళ్ళింది. పదిన్నరైనా మస్తాన్ బాబాయ్ రాలేదు. ఒళ్ళు తుడిచి, పక్క సర్ది, తొడుగు తొడిగాను. ఎప్పటిలా బయటికి వెళ్ళబోతుంటే గోడమీద చుక్క కదిలింది.

ఆగిపోయాను. బాబాయ్ లేడు, చదివేవాళ్ళెవరూ లేరు. నా చెయ్యి పైకి లేచి చుక్క వెంట వెళ్ళింది. మొదటిసారి మధ్యలో తప్పింది. నాన్న అది గ్రహించాడో ఏమో, మళ్ళీ మొదట్నుంచి కట్టాడు.

"మస్తాన్ రాలేదేం?"

పైకి చదివాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "జ్వరమట నాన్నా. ఇందాకే వాళ్ళ కోడలు ఫోను చేసింది."

"ఫోను చెయ్."

చేశాను. ఫోను నాన్న చెవి దగ్గర పెట్టాను. బాబాయ్ దగ్గుతూ, "ఏరా భూషణం, చావలేదులే, రేపొస్తా" అన్నాడు. ఆయన పెట్టేశాక చుక్క గుండె ఎత్తులో కాసేపు నిలబడింది. తర్వాత రెండే మాటలు కట్టింది.

"బయట కూర్చో."

"అలాగే నాన్నా."

క్షమించావా అని అడగలేదు. అడిగే హక్కు నాకు లేదు. వాన జల్లు గుమ్మం లోపలిదాకా కొడుతోంది. బయటికొచ్చి, తలుపు దగ్గరికి లాగబోతూ ఒకసారి వెనక్కి చూశాను. చుక్క ఇంకా కదులుతోంది. గడపలో నిలబడే చెయ్యెత్తి దాని వెంట వెళ్ళాను. ఒక్కో అక్షరం దగ్గరా ఆయన నా కోసం ఆగుతున్నాడు.

"తలుపు వెయ్యకు."